ఏటి మొగకు ఎన్ని హెర్ట్జులు?

కంప్యూటరు కొనాలనుకునే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. పని మానేశానని చెప్పినా వినరు. ఫోనులో మానిటరు బొమ్మ చూపించి, "అంకుల్, నూట నలభై నాలుగు హెర్ట్జులు చాలా, రెండు వందల నలభై తీసుకోమంటారా?" అని అడుగుతారు. "అవతలివాళ్ళు ఎంతది కొన్నారు?" అని నేను ఎదురు అడుగుతాను. బిత్తరపోతారు. అవతలివాళ్ళంటూ ఎవరూ లేకపోతే నూట నలభై నాలుగు బ్రహ్మాండంగా సరిపోతుంది బాబూ, హాయిగా ఆడుకో అని పంపించేస్తాను. అవతలివాళ్ళు ఉన్నారంటే మాత్రం కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఈ సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను, టీ ఒక్కటే తక్కువ.

నెల్లూరులో ఒక కంప్యూటర్ల కొట్లో నాది బిగింపు పని. మా అబ్బా రేడియోలు బాగుచేసేవారు, నేను టీవీలతో మొదలుపెట్టి కంప్యూటర్ల దగ్గర తేలాను. కొట్లో వెనక గది నాది, ముందు కౌంటరు మా సేల్స్ ఆయనది. ఆయన నోరు ఎంత మంచిదంటే, రిపేరుకి వచ్చినవాడు కొత్తది కొనుక్కుని, పాతది కూడా ఆయనకే ఇచ్చి దండం పెట్టి వెళ్ళేవాడు. మా ఓనరుకి ఒకే ఒక్క మాట వినబడేది: "ఇంతకన్నా పెద్దది ఉందా?" ఆ మాట వినపడితే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునేవాడు.

నేను పని మానేయడానికి ముందటి ఏడు, ఒక ఉదయం కొట్టు ముందు షేరాటో ఆగింది. దాన్లోంచి మనుషులు దిగుతూనే ఉన్నారు. లుంగీలు కట్టుకున్న మగవాళ్ళు, ముక్కుపుడకల ఆడవాళ్ళు, చివర ఒక డిగ్రీ చదివే అమ్మాయి, ఆమె చెయ్యి పట్టుకుని కుంటుకుంటూ వాళ్ళ నాయన. సముద్రపు ఒడ్డున ఉండే ఉత్తరపు పాళెం వాళ్ళు. అందరికంటే ముందు వచ్చినాయన ఆ ఊరి పెద్దకాపు. అంటే పంచాయితీలో ఆఖరి మాట ఆయనది.

"సాయిబూ, ఆటాడే కంప్యూటరు కావల. దక్షిణపు పాళెం వోళ్ళు మద్రాసులో నూట నలభై నాలుగుది తెచ్చినారు. దానికంటే పెద్దది చూపీ" అన్నాడు.

లోపల మా ఓనరు కుర్చీ కిర్రుమంది.

విషయం ఆ అమ్మాయి చెప్పింది. రెండు పాళేలకీ మధ్య ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును ఏటి మొగ అంటారు. సీజన్లో మొగ దగ్గర వల వేసినవాళ్ళదే ఆ ఏడాది బతుకు. ఏ పాళెం వేయాలన్నది ప్రతి ఏడూ చీట్లు వేసి తేల్చుకుంటారు. ప్రతి ఏడూ చీటీ తీసినవాడు దొంగ అంటారు, ఆ తర్వాత తెడ్లు లేస్తాయి. కిందటేడు లేచిన తెడ్డు ఆ పిల్ల నాయన మోకాలి మీద పడింది.

"ఈ ఏడు ఆటాడి తేల్చుకుందామని నేనే చెప్పినా మామా. కాల్చుకునే ఆట. అందులో చచ్చినోళ్ళు మళ్ళా లేస్తారు. మా నాయన మోకాలు లేవలా" అంది.

నాకు ఆ పిల్ల మీద అప్పుడే అభిమానం కలిగింది. పెద్దలు ఎందుకు ఒప్పుకున్నారో కూడా అడిగాను. చీటీ అయితే మనిషి తీస్తాడు, మోసం చేస్తాడు, కంప్యూటరుకి కులమూ గోత్రమూ లేవు కాబట్టి అది ఎవరి పక్షమూ ఉండదని పెద్దకాపు తీర్మానించాడట. ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు బిగించిన నాకు దాని నిజాయితీ మీద అంత నమ్మకం ఎప్పుడూ కలగలేదు.

హెర్ట్జు అంటే ఏమిటో మా సేల్స్ ఆయన వివరించాడు. "తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారితే అన్ని హెర్ట్జులు. మీరు వల ఎత్తి చూస్తారు గదా, అట్టా సెకనుకు నూట నలభై నాలుగు సార్లు ఎత్తి చూసినట్టు."

"వలని ఊరికే ఎత్తి చూస్తా ఉంటే చేప యాడ పడతాది?" అన్నాడు పెద్దకాపు.

మా సేల్స్ ఆయన హెర్ట్జులు వదిలేసి ధరల పట్టీ తీశాడు.

అయినా నూట అరవై అయిదుది కొన్నారు. కొనడం కూడా వాళ్ళ పద్ధతిలో కొన్నారు. పడవ ఒకరిది, మోటారు ఒకరిది, వల ఇంకొకరిది. పడ్డ చేపని ఆ లెక్కన పాలు పంచుకుంటారు. కంప్యూటరూ అంతే. ఒక్కో ఇల్లు ఒక్కో పార్టుకి పాలు పెట్టింది. మానిటరుకీ, లైట్లు వెలిగే ర్యాముకీ ఎగబడ్డారు. పవర్ సప్లై తీసుకునేవాడు లేడు. చివరికి పడవ మోటారున్న ఒకాయన, "దీనికి ఆయిలు పొయ్యాల్నా?" అని అడిగి, అక్కర్లేదంటే సంతోషించి తీసుకున్నాడు. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పెద్దగా, బరువుగా ఉందని ఇద్దరు అన్నదమ్ములు చెరి సగం వేసుకున్నారు. డ్రైవు ఎండు చేపలమ్మే ఒక పెద్దమ్మ వాటాకి వచ్చింది. నేను దాన్ని అట్టపెట్టెలోంచి తీసి చేతిలో పెట్టాను. చాక్లెట్ ముక్కంత ఉంది.

ఆమె దాన్ని తిప్పి చూసి, అట్టపెట్టెలో ఇంకేమైనా ఉందేమోనని దులిపి చూసింది. "ఇంతేనా నాయనా? మా ఎదురింటామెకు తలుపంత అద్దం, నాకు ఇదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆట మొత్తం దీన్లోనే ఉంటాది పెద్దమ్మా. ఇది లేకపోతే మిగతా సామానంతా ఇనుము" అన్నాను ఓదారుద్దామని. ఆ ఓదార్పు ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

బిగించి లైట్లు వెలిగించాను. రంగులు మారుతున్నాయి. పెద్దకాపు ఆపమన్నాడు. పడవకి ఎడమ ఎర్ర లైటు, కుడి పచ్చ లైటు ఉండాలట. ఇష్టమొచ్చినట్టు వెలిగితే ఎదురొచ్చేవాడు ఏమనుకోవాలి? ఎదురుగా ఎవరూ రారని చెప్పి చూశాను. చివరికి ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు పచ్చ పెట్టి ఇచ్చాను. సముద్రంలోకి దింపినా ఏ ఓడా దాన్ని గుద్దదు.

మర్నాడు ఇంకో షేరాటో ఆగింది. దక్షిణపు పాళెం. "ఉత్తరపు వోళ్ళకు ఎంతది ఇచ్చినారు?" అని అడిగాడు వాళ్ళ పెద్దకాపు. నేను చెప్పకూడదనుకున్నాను. మా సేల్స్ ఆయన అప్పటికే చెప్పేశాడు. నూట నలభై నాలుగుది ఇచ్చేసి రెండు వందల నలభైది పట్టుకుపోయారు. ఆ మర్నాడే ఉత్తరపు పాళెం రెండు వందల ఎనభైకి వచ్చింది. ఆ తర్వాత దక్షిణం మూడు వందల అరవై. మా ఓనరు వాళ్ళని చూసి వీధి చివరి దాకా ఎదురెళ్ళడం మొదలుపెట్టాడు. డ్రైవులో కూడా పోటీయే. వాళ్ళది ఒక టెరాబైటు అయితే వీళ్ళకి రెండు. ఆ ఆటకి అందులో ఒక మూల సరిపోతుంది.

"మిగిలిన చోటు ఏం చేసుకుంటారు పెద్దమ్మా?" అని డ్రైవు మార్చడానికి వచ్చిన పెద్దమ్మని అడిగాను.

"ఉండనీలే నాయనా, చోటుంటే సరుకు వస్తాది" అంది.

ఎవరి పాళెంలో వాళ్ళు కూర్చుని నెట్టు మీద ఆడాలన్నది వాళ్ళ ఆలోచన. నేను మా ఓనరుతో గట్టిగానే చెప్పాను. ఆ ఒడ్డున ఫోనులో 'హలో' అంటే అవతలికి 'లో' మాత్రమే చేరుతుంది. నెట్టు అంత బలహీనంగా ఉన్నచోట ఎన్ని హెర్ట్జులుంటే ఏమిటి, బుల్లెట్టు పేల్చినవాడికే తిరిగి తగులుతుంది అని. "నువ్వు బిగించు" అన్నాడు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే పెద్దకాపులిద్దరికీ ఫోను చేసి, రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో పెట్టి మధ్య వైరు లాగుతాను, నెట్టుతో పని లేదు అని చెప్పాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. మొగ దగ్గర తుఫాను షెల్టరులో పందెం. రెండూ బిగించినవాణ్ణి కాబట్టి నేను మధ్యవర్తిని.

ఉత్తరపు పాళెం తరఫున ఆడేది ఆ అమ్మాయే. ఈలోగా రోజూ ఆమె దగ్గర్నుంచి ఫోను. "మామా, ఆట పోయింది. మిషను ఏమీ లేదంటాంది."

రెండుసార్లు ఫోనులోనే ఏదో చెప్పాను, మూడోసారి బస్సెక్కి వెళ్ళాను. కేబినెట్ మూత తీసి చూస్తే డ్రైవు లేదు. పెద్దమ్మ వచ్చి, కొంగుముడి విప్పి, తమలపాకుల మధ్య నుంచి డ్రైవు తీసి ఇచ్చింది. పొద్దుగూకగానే ఊడదీసి తీసుకుపోతోందట. నేను నెత్తి కొట్టుకున్నాను.

"ఎందుకు పెద్దమ్మా?"

"పొద్దుగూకితే మోటారు దించి ఇంటికి మోసుకుపోతారా లేదా? ఒడ్డున ఎవరన్నా వదిలిపెట్టి నిద్రపోతారా? ఆట మొత్తం దీన్లోనే ఉండాదని నువ్వే గదా చెప్పినావు!"

ఆమె చేస్తున్నది చూసి మిగతా వాటాదార్లు కూడా మేలుకున్నారు. మానిటరు ఎదురింటామె చీరలో చుట్టుకుపోయేది. ర్యాము ఒకరి దిండు కింద, పవర్ సప్లై పడవ మోటారు పక్కన. అన్నదమ్ములు గ్రాఫిక్స్ కార్డుని ఒకరోజు వాడింట్లో ఒకరోజు వీడింట్లో నిద్రపుచ్చేవారు. తెల్లవారగానే అందరూ తమ తమ సామాను మోసుకుని ఆ అమ్మాయి ఇంటికి వచ్చేవాళ్ళు, ఆమె పడవ సర్దినట్టు కంప్యూటరు సర్దేది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. పోనీ దక్షిణపు పాళెంలో ఎలా ఉందని కనుక్కుంటే అక్కడా అచ్చు అదే సంగతి.

పందెం రోజు వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున వల పడాలి, కాబట్టి వాయిదా లేదు. షెల్టరు కింద రెండు పాళేల జనం. గోడకి వరసగా తెడ్లు ఆనించి ఉన్నాయి. ఇవెందుకని అడిగితే, "ఎందుకైనా మంచిదనీ" అన్నారు రెండు పక్షాలవాళ్ళూ. ఆ అమ్మాయి తెడ్ల వైపు చూడకుండా నేరుగా మేడ మీదికి వెళ్ళింది. వాళ్ళ నాయన మాత్రం ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మధ్యలో ఆగి వాటి వైపు చూశాడు.

పైన రెండు బల్లలు. ఉత్తరపు కంప్యూటరుకి అన్నీ వచ్చాయి, డ్రైవు రాలేదు.

"పెద్దమ్మ ఎక్కడ?" అన్నాను.

"కోవూరు సంతకు పోయింది ఎండు చేపలమ్మను. ఫోను లేదు. సాయంత్రం బస్సుకు వస్తాది."

అంటే ఉత్తరపు వాళ్ళ ఆట మొత్తం ఆ నిమిషంలో కోవూరులో ఎండు చేపలు అమ్ముతోంది. దక్షిణపు వాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళ ఆటగాడు, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రవాడు, బటను నొక్కాడు. ఏమీ వెలగలేదు. మూత తీశాను. పవర్ సప్లై లేదు. దాని వాటాదారు బావమరిది పెళ్ళికని దొరవారిసత్రం వెళ్ళాడట, సొంత సామాను వదిలేసి పోతే ఎట్టా అని సూట్‌కేసులో పెట్టుకుని మరీ వెళ్ళాడు. ఈసారి ఉత్తరపు వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు కిందికి దిగి తెడ్ల దగ్గర నిలబడ్డారు.

భయం వేసిందండీ. దాచుకోవడం దేనికి? ఆ భయంలోనే నోరు తెరిచాను. "రెండూ కలిపితే ఒకటి నడుస్తుంది. వాళ్ళ డ్రైవు ఇందులో పెడతాను. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆడండి. ఎవరు ఎక్కువమందిని కాలిస్తే మొగ వాళ్ళది."

"మిషను వోళ్ళది, మాది చాక్లెట్ ముక్కా?" అన్నాడు దక్షిణపు పెద్దకాపు. "సగం మావి ఉండల్ల."

అలా మొదలైంది నా జీవితంలోకెల్లా గొప్ప బిగింపు. ర్యాము ముక్కలు రెండు: ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. ఫ్యాన్లు ఒకటి విడిచి ఒకటి. మానిటరు దక్షిణపు మూడు వందల అరవై, కార్డు ఉత్తరపు అన్నదమ్ములది. మౌసు వీళ్ళది, కీబోర్డు వాళ్ళది. స్క్రూల దగ్గర కూడా తగువు వచ్చింది. నేను స్క్రూడ్రైవరు కింద పడేసి, "స్క్రూలు నావి!" అని అరిచాను. నిజంగానే నా సంచిలోవే పెట్టాను.

మానిటరు వైరు పెట్టే ముందు, "రోజూ ఇది ఎక్కడ పెడుతున్నావమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను, ఊరికే. ఆమె వెనక పైన ఉన్న గాడి చూపించింది. ఐసు ఫ్యాక్టరీ కుర్రవాడు, "మేమూ ఆడే అన్నా" అన్నాడు. అది బోర్డు గాడి, అందులో పెడితే బొమ్మ కార్డుని ముట్టుకోకుండానే తెరకి పోతుంది. కార్డు గాడి కింద ఉంటుంది. రోజూ విప్పి బిగించడంలో ఇద్దరూ వైరు తప్పుగా పెడుతూ వచ్చారు. అంత పెద్ద కార్డులు ఇన్నాళ్ళూ ఏ పనీ చేయలేదు, అంత పెద్ద మానిటర్లు అరవై హెర్ట్జుల దగ్గరే కూర్చున్నాయి. ఏ బడిలో పాత కంప్యూటరైనా అంతే చూపిస్తుంది. ఆ పిల్ల ఆ నత్తనడక మీదే జిల్లాలో ఎవడూ ఆడనంత ఆట నేర్చుకుంది. ఆమెని చూసి గర్వంగా అనిపించింది. ఆ సంగతి జనంలో ఎవరికీ చెప్పలేదు, తెడ్లు గుర్తొచ్చి.

ఇంకోడి డ్రైవు పెడితే మిషను ఒక్కోసారి అలుగుతుంది. ఆ రోజు అలగలేదు. తెర వెలిగింది. రెండు పాళేలూ ఒక్క గొంతుతో "హా!" అన్నాయి. ఎడమ ఎరుపు, కుడి పచ్చ.

"మావోడు ముందు" అన్నాడు దక్షిణపు పెద్దకాపు.

"మిషను మాది. మా పిల్ల ముందు" అన్నాడు ఉత్తరపు పెద్దకాపు.

"మీదెట్టా? సాయిబూ, నువ్వు చెప్పు. ఇది ఎవరి మిషను?"

అందరూ నా వైపు తిరిగారు. నిజం తప్ప ఇంకేం చెప్పను? "ఎవరిదీ కాదు పెద్దకాపూ. ఇద్దరిదీ. ఏ ఒక్కరి సామాను తీసేసినా ఇది వెలగదు."

ఉత్తరపు పెద్దకాపు ముందుకొచ్చాడు. మిషను చుట్టూ తిరిగి చూశాడు. ఫ్యాను చూశాడు, పక్క ఫ్యాను చూశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"అయితే ఇది పాలు పడవ" అన్నాడు మెల్లిగా.

"అవును. అయితే?" అన్నాడు దక్షిణపాయన.

"ఒక పడవలో పాలున్నోళ్ళు ఒకరి వలకు ఒకరు అడ్డం పోగూడదు. పందెం కట్టుకోగూడదు. మన తాతలు పెట్టిన దురాయి."

దురాయి అంటే ఆ ఊళ్ళ కట్టుబాటు. కోర్టు మాటనైనా దాటుతారు గానీ దాన్ని దాటరు. కిందటేడే దక్షిణపు పెద్దకాపు ఇదే దురాయి కింద సొంత పాళెంలో ఒకే పడవలో పాలున్న ఇద్దరిని గుడి ముందు నిలబెట్టి జరిమానా వేశాడు. ఆ ఇద్దరూ అక్కడే, ముందు వరసలో, చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తున్నారు.

"పందెం లేకపోతే మొగ ఎవరిది?" అన్నాడు చివరికి.

అమ్మాయి నాయన గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది అదే. "మిషనుకు పాలేసినట్టే మొగకూ వేయండన్నా. ఒక రోజు మీ వల, ఒక రోజు మా వల. పడింది పాలు. నాకు ఇంకో మోకాలే ఉండాది."

ఎవరూ కాదన్లేదు. కిందినుంచి చప్పుడు వినిపించింది. ఎవరి తెడ్డు వాళ్ళు వెతుక్కుని తీసుకుంటున్నారు. ఇంటికి తీసుకుపోవడానికే.

"మరి నా ఆట?" అంది అమ్మాయి. మౌసు మీద చెయ్యి పెట్టుకుని అప్పటిదాకా కదల్లేదు. "ఇంత నేర్చుకున్నా గదా మామా!"

పెద్దకాపులు ముఖముఖాలు చూసుకున్నారు. దురాయి ప్రకారం ఇద్దరూ ఎదురెదురుగా ఆడకూడదు. ఒకే పక్షాన ఆడితే అభ్యంతరం లేదు. మౌసు ఉత్తరం, కీబోర్డు దక్షిణం. ఆమె గురిపెడితే ఐసు కుర్రవాడు నడిపించాడు. మిషను పంపించిన ముక్కూ ముఖం లేని శత్రువుల మీదికి రెండు పాళేలూ కలిసి దాడికి వెళ్ళాయి. ఆమె కుడికి గురిపెడితే అతను ఎడమకి పరిగెత్తించాడు. రెండో నిమిషంలోనే చచ్చిపోయారు. ఆ కాల్చినవాణ్ణి రెండు పాళేల వాళ్ళూ కలిసి తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. అమ్మాయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళా లేస్తాం" అంది. లేచారు.

సాయంత్రం బస్సుకి పెద్దమ్మ దిగింది. తను లేకుండా ఆట ఎలా ఆడారని గోల గోల చేసింది. "నా పాలు లేకుండా పడవ దించినారా?" అదృష్టం బాగుండి ఆ బోర్డుకి డ్రైవు పెట్టే గాడి ఇంకొకటి ఉంది. కొంగుముడి విప్పి ఇచ్చింది, ఎండు చేపల వాసన. తుడిచి, రెండోదాని పక్కనే పెట్టాను. పొద్దుగూకినా ఆ రోజు ఎవరూ తమ సామాను విప్పుకుపోలేదు. ఇప్పుడు విప్పితే ఏది ఎవరిదో తేల్చడానికి మళ్ళీ నేనే రావాలని వాళ్ళకి అర్థమైంది. పైగా పడవని నీళ్ళకి సిద్ధం చేసినవాడికి ఒక పాలు ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ; స్క్రూలు నావని నేను అరిచిన అరుపు ఇద్దరు పెద్దకాపులకీ బాగా గుర్తుంది.

మా ఓనరు మాత్రం ఆ రోజు సాయంత్రం వీధి చివర నిలబడి, మూడు వందల అరవై మించినదాని కోసం ఎవరొస్తారా అని చూస్తూ ఉండిపోయాడు. పాపం, ఎవరూ రాలేదు.

పని మానేశాక కూడా సీజన్లో మా ఇంటికి నా పాలుగా చేపల గంప వస్తోంది. కిందటి శుక్రవారం గంప తెచ్చింది ఆ అమ్మాయే. చేపల మీద ఒక పాలిథిన్ కవరు, అందులో ఒక కేబినెట్ ఫ్యాను, ఇంకా సీలు విప్పలేదు.

"మూడో పాళెం వోళ్ళు పంపినారు మామా. వాళ్ళు కూడా మొగలో పాలుకు వస్తారంట. ఇది బిగించమన్నారు."

ఆ కేబినెట్టు నేను బిగించిందే, నాకు తెలుసు. ఫ్యాన్లు పెట్టగలిగిన చోటల్లా ఫ్యాన్లున్నాయి. ఇంకొకటి పట్టదు. ఆ మాటే చెబుదామనుకుని, ఆ పిల్ల ముఖం చూసి ఫ్యాను అందుకున్నాను. రేపు పొద్దున బస్సుకి వెళుతున్నాను. సంచిలో ఇనుము కోసే రంపమూ, ఒక గుప్పెడు స్క్రూలూ వేసుకున్నాను.